వల్లకాడు కూడా ఊరే

పిల్లనిచ్చే ముందు పెద్దవాళ్లు వెళ్లి ఆ ఊరు చూసొస్తారు. చెరువు నిండుతుందా, బస్సు ఆగుతుందా, బడి ఎంత దూరం, తాగే నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, ఇవన్నీ అడిగి తెలుసుకుంటారు. వల్లకాడు ఎక్కడని అడిగినవాళ్లను నేను చూడలేదు. శుభమా అని వచ్చి ఆ మాటెలా ఎత్తుతారు? కానీ ఊరి గుణం తెలియాలంటే చూడాల్సింది అదేనని నా నమ్మకం. నోరు తెరిచి ఏదీ అడగలేనివాళ్లకు ఆ ఊరు ఏమిచ్చిందో అక్కడ తెలుస్తుంది. హద్దు ఉందా, దారి ఉందా, స్నానానికి నీళ్లున్నాయా, వాన కురుస్తుంటే పాడె దించుకోవడానికి ఒక కప్పు ఉందా, అన్నిటికంటే ముందు ఆ నేల ఊరందరిదా, కొందరిదా?

ఉదయగిరి, ఆత్మకూరు, కొండాపురం, వింజమూరు, కలిగిరి. నెల్లూరు జిల్లా పడమటి వైపంతా మెట్ట. నీళ్లకు కరువైన సీమే గానీ నేలకు కరువైన సీమ కాదు. వానపడితే సేద్యం, పడకపోతే వలస. కావలి, నెల్లూరు దగ్గరివి. హైదరాబాదు, బెంగళూరు ఇప్పుడు దూరమే కాదు. ఏ ఊరికి పోయినా వీధికి నాలుగైదు ఇళ్లకు తాళాలు వేలాడుతుంటాయి. ఆ తాళాలు తెరుచుకునేది సంక్రాంతికే.

మా జిల్లాలో సంక్రాంతి అంటే పెద్దల పండుగ. నెల్లూరులో పెన్న ఒడ్డున బోడిగాడితోటకు ఆ రోజు కుటుంబాలకు కుటుంబాలే తరలివెళ్తాయి. పల్లెల్లో ఎవరి వల్లకాటికి వాళ్లు పోతారు. సమాధి చుట్టూ మొలిచిన గడ్డి పీకుతారు, కడుగుతారు, సున్నం కొడతారు, పసుపు కుంకుమలు పెట్టి బంతిపూలు చుడతారు. ఆకు పరిచి పోయినాయనకు ఏది ఇష్టమో అది వడ్డిస్తారు. వడలు, చేపల పులుసు, బీడీ కట్ట, ఇంకా ఏదైనా సరే. పిల్లలు ఆ సిమెంటు గద్దె ఎక్కి గంతులేస్తుంటే, "దిగు నాయనా, మీ జేజి పడుకోనుండాది" అంటుంది తల్లి. ఆ పిల్లవాడు వాళ్ల జేజిని చూసి ఉండడు. అయినా ఆ మాట విన్నాక మెల్లిగా దిగి, గద్దెను ఒకసారి చేత్తో తుడుస్తాడు. మనిషికీ మనిషికీ పరిచయం ఇలా కూడా జరుగుతుంది.

పొలం అమ్ముకుంటాం. పాత ఇల్లు కూలితే ఆ జాగా కూడా అమ్ముకుంటాం. సమాధిని అమ్ముకోలేం, మూటగట్టి వెంట తీసుకుపోలేం. ఓటూ రేషన్ కార్డూ నగరానికి మారిపోయిన మనిషి కూడా మాది కొండాపురం పక్కన ఫలానా ఊరని చెప్పుకుంటున్నాడంటే, అక్కడి మన్నులో అతని మనిషి ఒకరున్నారు కాబట్టే. సెంటు భూమి లేని వాళ్ల సంగతి మరీ ముఖ్యం. బతికినన్నాళ్లూ పరాయి పొలంలో పనిచేసి, ప్రభుత్వం ఇచ్చిన జాగాలోనో, రోడ్డు వారనో గుడిసె వేసుకుని బతికినవాళ్లకు ఊరితో ఉన్న పేగుబంధమంతా ఆ గుంటే. దానికి పట్టా ఉండదు. పాస్ పుస్తకం ఉండదు.

మెట్టలో గుంట తవ్వడం మాటలు కాదు. పైన జానెడు ఎర్రమన్ను, కింద గరుసు. గడ్డపార దిగదు, నిప్పురవ్వలు లేస్తాయి. ఎండాకాలమైతే రాత్రే నీళ్లు పోసి నానబెట్టుకుని తెల్లవారి తవ్వుతారు. తల దక్షిణానికి ఉండేట్టు కొలత చూస్తారు. శవాన్ని దించాక ఉప్పు పోస్తారు. కొడుకు ముందు, తర్వాత దాయాదులు, తర్వాత వచ్చినవాళ్లంతా పిడికెడు పిడికెడు మన్ను వేస్తారు. అప్పటిదాకా దూరంగా నిలబడ్డవాడు కూడా ఆ పిడికెడు మన్నుకోసం ముందుకొస్తాడు. పూడ్చాక పైన తుమ్మకంప పరిచి రాళ్లు ఎత్తుతారు, నక్కలూ కుక్కలూ తవ్వకుండా. మూడో రోజు పాలు పోయడానికి వచ్చినప్పుడు అందరి చూపూ ముందు ఆ కంప మీదకే పోతుంది. కదలకుండా ఉంటే ఊపిరి పీల్చుకుంటారు. నష్టపోయినవాళ్లు మిగిలిన ఆ కొంచెమైనా భద్రంగా ఉందా అని చూసుకునే చూపు అది. దాన్ని దగ్గరగా చూసినవాళ్లెవరూ వల్లకాటిని వ్యర్థమైన నేల అనలేరు.

హిందువులంతా కాలుస్తారు, మిగతావాళ్లు పూడుస్తారు అని బడిలో చదువుకున్నవాళ్లు అనుకుంటారు. మన ఊళ్ల లెక్క అంత సులువుగా తేలదు. తెలుగునాట పూడ్చే కులాలు చాలా ఉన్నాయి. జంగాలు కూర్చోబెట్టి సమాధి చేస్తారు. నెల్లూరు జిల్లా ఆదివాసులైన యానాదులు పూడుస్తారు. కాల్చే ఇళ్లలో సైతం పసిబిడ్డ పోతే మట్టికే ఇస్తారు. సన్యాసిని కాల్చరు. ఇక ముస్లింలకు ఖబరస్తాను, క్రైస్తవులకు సమాధుల తోట ఉండనే ఉన్నాయి. షబే బరాత్ రాత్రి ఒకరు, ఈస్టర్ వేకువన ఒకరు, సంక్రాంతి నాడు మరొకరు దీపమో కొవ్వొత్తో పట్టుకుని వెళ్లేది తమవాళ్ల దగ్గరికే.

సమాధి అంటే మనకు భయమూ మైలా అంటారు. నేనొప్పుకోను. చేజర్ల మండలం నాగులవెల్లటూరులో పుట్టిన వెంకయ్యస్వామి 1982 ఆగస్టు 24న దేహం చాలించారు. గొలగమూడిలో ఆయన సమాధి చుట్టూ ఇవాళ ఊరికి ఊరే వెలసింది. శనివారం వస్తే అక్కడ కాలు పెట్టే చోటు దొరకదు. ఆత్మకూరు దగ్గర ఏఎస్ పేటలో ఖాజా నాయబ్ రసూల్ దర్గా ఉంది. నయం కాని జబ్బులతో వచ్చినవాళ్లు, మనసు చెదిరినవాళ్లు రోజుల తరబడి ఆ సమాధి నీడన పడుకుంటారు. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున పన్నెండుమంది అమరుల సమాధులున్న బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో రొట్టెల పండుగ జరుగుతుంది. పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరుకునేవాళ్లు తీసుకుంటారు. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మంగారి సమాధికి మొక్కని తెలుగు ఇల్లు తక్కువ. ఇవన్నీ మనుషుల్ని పెట్టిన నేలలే. అక్కడికి స్నానం చేసి వెళ్తాం, ఊరి వల్లకాటి నుంచి వచ్చి స్నానం చేస్తాం. అంటే సమాధికి మనం భయపడటం లేదు. అందులో ఎవరున్నారనేదాన్నిబట్టి మన నడక మారుతోంది.

ఊళ్లకంటే సమాధులు పాతవి. రాకాసి గుళ్లని మనవాళ్లు పిలిచే రాతి కట్టడాలు తెలుగు నేలమీద చాలాచోట్ల ఉన్నాయి. రెండు వేల ఏళ్లకు పైబడిన సమాధులవి. అంతంత బండలు ఎత్తి గదుల్లా నిలబెట్టారు కాబట్టి రాక్షసులే కట్టి ఉంటారని తర్వాతివాళ్లు అనుకున్నారు. కట్టింది మామూలు మనుషులే. పశువుల్ని మేపుకుంటూ, ఇనుము కరిగించుకుంటూ బతికినవాళ్లు. వాళ్ల ఇళ్ల ఆనవాళ్లు చాలాచోట్ల దొరకలేదు, సమాధులు దొరికాయి. కడప జిల్లా శంకవరంలో బయటపడ్డ ఒక మట్టి శవపేటిక చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. కాళ్లతో నిలబడ్డ జంతువులా చేశారు దాన్ని. తమ ఇంటికి పెట్టని శ్రద్ధ పోయినవాళ్ల పెట్టెకు పెట్టారు. ఆ మనుషుల గురించి మనకు తెలిసిందాంట్లో ఎక్కువ భాగం వాళ్లు తమవాళ్లను ఎలా సాగనంపారన్న దాంట్లోంచే తెలిసింది.

రాత లేనివాళ్లకు ఇంత దగ్గరి కాలంలోనూ అదే జరిగింది. 1876-78 కరువు మద్రాసు రాజధానిని పీల్చేసినప్పుడు నెల్లూరు జిల్లా కూడా ఎండిపోయింది. అప్పటికి ఒంగోలు కూడా ఈ జిల్లాలోదే. కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించిన అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి మాదిగలు వేలల్లో వచ్చారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కథలో అన్నమూ ఉంది, ఆత్మగౌరవమూ ఉంది, దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు చెబుతారు. నాకు మాత్రం ఆ తర్వాత వచ్చిన సమాధి రాయి ముఖ్యమనిపిస్తుంది. కరణం లెక్కల్లో భూమి ఉన్నవాడి పేరే ఎక్కేది. కూలివాడి పేరు పిలుపుకే గానీ రాతకు నోచుకోలేదు. అలాంటి మనిషి పేరు, పుట్టిన ఏడు, పోయిన తేదీ, ఒక వాక్యం, ఇవన్నీ ఒక బండమీద ఉలితో చెక్కారు. ఈ మెట్టలో పాత సమాధుల తోటల్లో నాచుపట్టిన అలాంటి రాళ్లను వేలితో తడుముతూ చదవొచ్చు. ఓటరు జాబితా కంటే, రేషన్ కార్డు కంటే ముందు ఆ ఇంటిపేరు ఎక్కిన మొదటి రికార్డు ఆ రాయే.

ఇక ప్రభుత్వ రికార్డు సంగతి. చాలా ఊళ్లలో శ్మశాన పోరంబోకని విడిగా ఒక సర్వే నంబరు ఉంటుంది. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చాక జమీందారీ గ్రామాల ఉమ్మడి భూములూ ప్రభుత్వానికి చేరాయి. కాగితం మీద ఎకరా అని ఉన్నది నేలమీద అరెకరా కూడా మిగలని చోట్లున్నాయి. ఒక్కరోజులో ఎవరూ ఆక్రమించరు. పక్క చేను దున్నే నాగలి ఏటా ఒక సాలు లోపలికి జరుగుతుంది. రాళ్లెత్తిన పాత గుంటలు కుంగి చదునైపోతాయి, వాటిమీదకు నాగలి వెళ్తుంది. ఇప్పుడైతే ట్రాక్టరు. అడిగేవాళ్లు వలసపోయి ఉంటారు. ఏళ్లుగా అలవాటు ప్రకారం బంజరులోనో వాగు ఒడ్డునో పూడ్చుకుంటున్న దళితవాడలకు, యానాది కాలనీలకు అసలు కాగితమే ఉండదు. ఆ బంజరుకు విలువ వచ్చిన రోజున అక్కడ వల్లకాడు ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు.

దారి గొడవ ఇంకా దారుణం. నేల ఉంటుంది, చేరడానికి దారుండదు. చుట్టూ పొలాలు. గట్టు మీద ఒక మనిషి నడవగలడు. పాడెకు నలుగురు కావాలి. ఇద్దరు గట్టు మీద, ఇద్దరు చేలో నడవాలి. నాట్లు వేసి ఉంటే పొలమాయన కడుపు మండుతుంది, అతని కష్టం అతనిది. మాటా మాటా పెరుగుతుంది. చచ్చిన మనిషిని భుజాన పెట్టుకుని నిలబడి, పక్కవాణ్ణి దారి అడుక్కోవడం కంటే అవమానం ఉందా? మోకాటిలోతు బురదలో, వాగులో నడుంలోతు నీళ్లలో పాడె మోసుకెళ్లే ఫొటో ప్రతి వానాకాలం జిల్లా పేజీల్లో వస్తుంది. చూస్తాం, అయ్యో అంటాం, పేజీ తిప్పుతాం. 1994 పంచాయతీరాజ్ చట్టం శ్మశానాలు ఏర్పాటు చేసి నిర్వహించడాన్ని గ్రామపంచాయతీ బాధ్యతల్లో చేర్చింది. వీధి దీపం వెలగకపోతే సర్పంచిని నిలదీసే మనం దీన్ని ఎందుకు అడగమో నాకు అర్థం కాదు.

చట్టాల్లోనే ఇంకో ముడి ఉంది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం అంటరానితనం పేరుతో ఎవరినైనా శ్మశానానికి రానివ్వకపోతే నేరమంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ కూడా అందరితో సమానంగా శ్మశానాన్ని వాడుకోనివ్వకపోవడాన్ని నేరాల్లో రాసింది. ఈ రెంటికీ నడుమ 2013లో భూసేకరణ చట్టం వచ్చింది. పునరావాస కాలనీలో ఉండాల్సిన సదుపాయాల జాబితాలో, అక్కడి కులాలను, వాళ్ల ఆచారాలను బట్టి ఖనన, దహన స్థలాలు అని చేర్చింది. ఆచారాన్ని గౌరవించడం మంచిదే. పూడ్చేవాళ్లకు పూడ్చే చోటు, కాల్చేవాళ్లకు కాల్చే చోటు కావాలి. కానీ ఆ కులాలు అనే మాట అక్కరలేదు. సోమశిల జలాశయం కింద ఊళ్లు మునిగాయి. కడప జిల్లాలో ఇంకో కొండాపురం ఉంది, అది గండికోట జలాశయం ముంపులోకి పోయింది. ఊరు ఖాళీ చేసేటప్పుడు ఇంటి తలుపులు, దూలాలు, దేవుడి విగ్రహం కూడా బండికెత్తుకోవచ్చు, వల్లకాటిని ఎత్తుకోలేం. అలా తమవాళ్లను నీళ్లకు వదిలి, అంతా కొత్తగా మొదలుపెట్టే చోటనైనా పాత ఊళ్లోని అడ్డుగోడలు కొత్త వల్లకాట్లో లేవకూడదు కదా.

వినుకొండలో 1895లో పుట్టిన జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలోకి వచ్చి చేరాయి. నాటకం బలిజేపల్లి వారిది, కాటిసీనులో గొంతెత్తి పాడేది జాషువా పద్యం. అంటరానితనం బాధ అనుభవించిన కవి, ఆ జబ్బు అంటని ఒకే ఒక్క చోటుగా శ్మశానాన్ని ఊహించాడు. ఊరూ వాడా కలిసి కూర్చుని తెల్లవార్లూ వింటారు, ఒన్స్‌మోర్ అంటారు, కళ్లు తుడుచుకుంటారు. ఆ కన్నీళ్లు నిజమైనవే. తెల్లవారి ఎవరైనా పోతే మాత్రం ఊరిది ఒక దారి, వాడది ఇంకో దారి. కవి ఊహను మనం పద్యంగానే ఉంచేశాం. నేలమీదకు దించాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.

కాదన్నవాళ్ల ముందు శవం ఎంత నిస్సహాయంగా ఉంటుందో కరోనా మొదటి రోజుల్లో అందరం చూశాం. 2020 ఏప్రిల్‌లో నెల్లూరుకు చెందిన ఒక వైద్యుడు చెన్నైలో చనిపోతే, అంబత్తూరు శ్మశానం దగ్గర స్థానికులు అడ్డుపడ్డారు. దేహాన్ని వెనక్కి తీసుకెళ్లి, తర్వాత వేరేచోట దహనం చేశారు. రోగులకు వైద్యం చేసిన మనిషికి చివరికి దొరికింది అది. అది భయం పని. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతంలో ఒక క్రైస్తవ బోధకుడు పోతే, ఊళ్లో పూడ్చనివ్వం అన్నారు. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. దాదాపు మూడు వారాలు దేహం శవాగారంలోనే ఉంది. ఇద్దరు న్యాయమూర్తులకు అభిప్రాయం కలవలేదు. ఇంకా ఆలస్యం కాకూడదని చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. అది భయం పని కాదు. తాతల సమాధులున్న ఊళ్లో మనవడికి చోటు లేదనడం, నువ్వు ఈ ఊరివాడివి కాదనడమే.

దీనికి తిరుగు కథ ఒకటి అమెరికాలో ఉంది. న్యూయార్కు మన్‌హట్టన్‌లో 1991లో ఒక ప్రభుత్వ భవనానికి పునాది తవ్వుతుంటే సమాధులు బయటపడ్డాయి. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలను, వాళ్ల సంతతిని నగరం బయట పూడ్చిన నేల అది. నగరం పెరిగి దానిమీద వీధులు వేసుకుంది, అందరూ మరిచిపోయారు. నల్లజాతివాళ్లు ఊరుకోలేదు. పోరాడి తవ్వకాలు ఆపించారు. ఎముకల్ని పరిశీలిస్తే ఎంత బరువు మోశారో, ఎంత చిన్న వయసులో పోయారో తెలిసింది. 419 మందిని 2003లో తిరిగి అదే చోట పూడ్చారు, 2006లో దాన్ని జాతీయ స్మారకం చేశారు. న్యూయార్కును కట్టినవాళ్లలో తమవాళ్లున్నారని చెప్పడానికి వాళ్లకు దొరికిన సాక్ష్యం ఆ వల్లకాడే. మన చెరువుల కట్టలు పోసినవాళ్లు, బావులు తవ్వినవాళ్లు, పొగాకు బ్యారన్ల దగ్గర నిద్ర మాని కాపలా ఉన్నవాళ్లు ఎక్కడున్నారని రేపెవరైనా అడిగితే ఏం చూపిస్తాం?

నేల చాలదంటారు కొందరు, అందరూ కాల్చుకుంటే పోలేదా అంటారు. నగరంలో ఆ మాటకు కొంత బలముంది. మెట్టలో ఆ మాట చెల్లదు. తెలంగాణ పల్లెల్లో ఊరూరా వైకుంఠధామాలు కట్టారు, దహన వేదికలు, స్నానపు గదులు వచ్చాయి. మంచి పనే. కానీ కాల్చేవాళ్లకు వేదిక ఎంత అవసరమో, పూడ్చేవాళ్లకు హద్దురాయి అంత అవసరం. పార్కులూ ఆర్చీలూ అక్కరలేదు. నాలుగు మూలలా రాళ్లు, ట్రాక్టరు పట్టే దారి, ఒక బోరింగు, ఒక రేకుల కప్పు, నాలుగు వేపచెట్లు చాలు. గేటు మాత్రం ఒక్కటే ఉండాలి.

ఆంధ్రలో 2019 నుంచి గ్రామ సచివాలయాలున్నాయి, గ్రామ సర్వేయర్లున్నారు. ఈ సంక్రాంతికి ఊరికి వెళ్లేవాళ్లు సమాధికి సున్నం కొట్టడంతో ఆగకండి. మీ వల్లకాటి సర్వే నంబరు ఎంతో, విస్తీర్ణం ఎంతో, దారి ఎటు ఉందో కనుక్కోండి. కొలిపించి రాళ్లు వేయించమని గ్రామసభకు అర్జీ రాయండి. పక్క వాడవాళ్ల వల్లకాటికి నంబరే లేదంటే, ఆ అర్జీ మీద మొదటి సంతకం మీరే పెట్టండి.